చదివి వినిపించితిని

చందానగర్,
తేది: 8-10-2011
(సకల జనుల సమ్మె, ఇరవై ఆరవ రోజు)

శ్రీయుత ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
‘ఇంటిదారి’ వృద్ధుల గుర్తింపు ప్రయోగ పథకం,
సైబరాబాద్.

అయ్యా,

విషయం: మతిమరుపు వ్యాధిగ్రస్తురాలగు మా తల్లి భాగ్యమ్మ (వయస్సు 73 సం.) కుడి చేతి చర్మం కింద అమర్చిన గుర్తింపు చిప్పును తక్షణం తొలగించుటకు అనుమతి కోరుట గురించి.

సూచిక: 1) సమ్మతి పత్రం, తేది 10-8-2011. 2) పథకం నిబంధన 9. 3) మా అమ్మ మాట, తేదీ లేదు.

అర్జీదారుడనగు నేను, రామచంద్రం, తమ కార్యాలయంలోనే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటుగా పనిచేయుచు ప్రస్తుతం సమ్మెలో ఉన్నవాడను. తమ బల్ల మీదికి చేరే ప్రతి కాగితానికీ మొదట ముద్ర వేసి నెంబరు ఇచ్చేవాడిని నేనే. ఇరవై ఏడేండ్లుగా అవతలివారి అర్జీలు తీసుకొనుటయే తప్ప స్వయంగా రాసుకొని ఎరుగను. తప్పులున్న మన్నించి, ఈ దిగువ విషయములను పరిశీలించవలెనని మనవి.

1. మా తల్లిగారు వికారాబాదు దగ్గరి పల్లెలో చాకలి ఇంట పుట్టి, చాకలి ఇంటికే కోడలై, ముప్పై అయిదేండ్ల కిందట మా నాయనతో చందానగర్ వచ్చి, ఫ్యాక్టరీ క్వార్టర్ల బట్టలు ఉతికి నన్ను డిగ్రీ దాకా చదివించినారు. ఆమెకు అక్షరం రాదు. అయినను నల్లజీడి గింజ రసంతో బట్ట అంచున పెట్టే ఇంటి గుర్తులు మూడు వందలు కంఠతా వచ్చును. రెండు చుక్కలంటే స్టేషన్ మాస్టరు గారి ఇల్లు. చుక్క పక్కన గీత అంటే టీచరమ్మ ఇల్లు. ఆ గుర్తు ఎన్ని ఉతుకులకైనా పోదు. తన చేతి నుండి ఒక్క బట్ట కూడా ఇల్లు తప్పిపోలేదని ఆమెకు గొప్ప, ఆ గొప్ప న్యాయమైనదే.

2. మూడేండ్లుగా ఆమెకు మతిమరుపు. నన్ను ఒకరోజు కొడుకంటుంది, ఒకరోజు మరిది అంటుంది. గుర్తులు మాత్రం మరవలేదు. పొద్దున్నే మైల బట్టలు తేవాలని ఇల్లు దాటి పోవడం మొదలైనది. గడచిన జూలైలో ఒకనాడు కొండాపూర్ దాకా నడిచిపోయి, పనిమనుషుల వెంట ఒక అపార్ట్‌మెంటులో దూరి, ఆరేసిన చొక్కాలు పద్నాలుగు తీసి మూట కట్టినారు. వాచ్‌మన్ దొంగ అని పట్టుకున్నాడు. నేను పోయేసరికి ఆమె సెల్లారులో కూర్చొని చొక్కాలను ఇండ్లవారీగా వేరు చేస్తున్నది. చుట్టూ ఆఫీసులకు బయలుదేరిన పిల్లలు, మెడలో కార్డులు వేలాడేసుకొని. నన్ను చూసి అడిగింది:

“గీ పోరగాండ్లందరి మెడల గుర్తులు కట్టిన్రేంది బిడ్డా? వీళ్లు ఎవలింటియి?”

అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినాను. డెబ్బై ఏండ్లు పరాయివారి గుడ్డముక్క దాచుకోని మనిషి మీద దొంగ అన్న మాట పడినాక నాకు బుద్ధి సరిగా పనిచేయలేదు.

3. ఆ అపార్ట్‌మెంటులో ఉండే నవీన్ అను యువకుడు అడ్డుపడి, పోలీసుల దాకా పోకుండా ఆపినాడు. కడప జిల్లావాడు. హైటెక్ సిటీలో మన పథకానికి చిప్పులు సరఫరా చేసే కంపెనీలో ఉద్యోగం. “మా అవ్వ కూడా ఇట్లే పోయి మూడు దినాలకు దొరికినాది సార్. అప్పుడు ఈ చిప్పు ఉండింటే గంటలో ఇంటికి తెచ్చేవాళ్లం. బియ్యపు గింజంత ఉంటాది, అంతే” అని చెప్పినాడు. సమ్మె శిబిరంలో మావాళ్లు అతని ఊరు అడిగి మొహం తిప్పుకోవచ్చు. ఆ పూట మా అమ్మను దొంగ కాదన్నవాడు అతనొక్కడే కాబట్టి నేను తిప్పుకోలేను.

4. ది. 10-8-2011 నాడు పథకం వారి శిబిరంలో డాక్టరు గారు పరీక్ష చేసినారు. మొదటి ప్రశ్న, “పేరేంటమ్మా?”

మా అమ్మ అన్నది: “భాగ్యమ్మ మా అక్క. సచ్చిపోయింది.”

డాక్టరు గారు కాగితం మీద సున్నా వేసినారు. “మొత్తం పోయింది సార్” అని నేను వంత పాడినాను. ఆ సున్నా సంగతి మళ్లీ మనవి చేస్తాను.

5. తరువాత సమ్మతి పత్రం. ఇక్కడ నేను తమ ముందు తల వంచుకొని రాస్తున్నాను. వేలిముద్ర వేసే ప్రతి అర్జీదారుని కాగితం కింద నేను రాసే వాక్యం ఒకటున్నది: “పై విషయములు చదివి వినిపించితిని. సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినారు.” కలం మూత తీస్తే చేతికి మొదట వచ్చేది అదే. ఆనాడు కూడా అదే వచ్చింది. నేను చదవలేదు, వినిపించలేదు, ఆమె ఒప్పుకోలేదు. ఆమె బొటనవేలు నేనే పట్టుకున్నాను. వెనక్కి గుంజుకున్నది.

“ఏంది బిడ్డా గది?”

“ఏం లేదమ్మా, పింఛను కాగితం. జర ఆగు, ఒక్క నిమిషం.”

పింఛను అనగానే వేలు వదులు చేసింది. కావున ఈ అర్జీలో మొదటి ముద్దాయిని నేనే. మిగిలినవారి వంతు నా తరువాతనే వస్తుంది.

6. సూది పెట్టినప్పుడు ఆమె ఏడ్వలేదు. బియ్యపు గింజంత వస్తువే పెట్టినామని నవీన్ చూపించి చెప్పినాడు. “బియ్యం సచ్చినోళ్ల నోట్ల ఏస్తరు గద, నాకు చేతుల ఏసిన్రేంది?” అని మాత్రం అడిగింది. తరువాత చదివే యంత్రం చేతి మీద ఆనించినారు. అది కుయ్యిమన్నది. నవీన్ తెర మీది అక్షరాలు గట్టిగా చదివినాడు: “భాగ్యమ్మ, చందానగర్.”

మా అమ్మ లేచి నిలబడింది. కండ్ల నిండా నీళ్లు.

“దొరికిందా? మా అక్క దొరికిందా?”

ఆ రోజు నుండి ఆమె కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకొనే తిరుగుతున్నది. ఆ చేతితో మాట్లాడుతున్నది. నీళ్లు పోసుకునేటప్పుడు మొదట దానికి పోస్తున్నది. పక్క గదిలో కూర్చొని వింటే ఇద్దరున్నట్లే ఉంటుంది. ఒకరి మాట వినబడి, రెండోవారి మాటకు ఆగినట్లు కాస్త నిశ్శబ్దం, మళ్లీ మాట. నాకు ఆ నిశ్శబ్దమే భయం. ఇది పట్టపగలు, కుక్కరు కూత వేస్తుండగా, పక్కింట్లో టీవీ మోగుతుండగా జరుగుతున్నది.

7. నిజం దాచరాదు. చిప్పు పనిచేసింది. సెప్టెంబరు 2వ తేదీన ఆమె మళ్లీ తప్పిపోయినారు. కూకట్‌పల్లిలో ఒక కానిస్టేబులు చేతి మీద యంత్రం పెట్టి, నెంబరు చూసి ఫోను చేసి, రెండు గంటల్లో జీపులో ఇంటికి తెచ్చినాడు. అతనికి దండం పెట్టినాను. ఇదివరకు ఒకసారి రాత్రంతా వెతికిన సంగతి నాకు గుర్తున్నది. చిప్పు పెట్టించుకున్న మిగతా కుటుంబాలకు అది మేలే చేసి ఉండవచ్చు, వాటి జోలికి నేను పోను. జీపు దిగి మా అమ్మ నా చెవిలో అన్న మాట మాత్రం రాయకుండా ఉండలేను:

“నన్ను దేలేదు బిడ్డా. అక్కను దెచ్చిన్రు. నేను ఇంక ఆడ్నే ఉన్న.”

8. మా ఇంటావిడ భూలక్ష్మి ఈ సంగతి నాకన్నా ముందు గ్రహించింది. మా అమ్మతో పగలంతా ఉండేది ఆమే. ఒకనాడు మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పింది. నాకు ముక్కలు ముక్కలుగా తెలిసినదే, అతికించి చూసుకున్నది లేదు.

మా అమ్మకు ముందు మా అమ్మమ్మకు ఒక బిడ్డ. పేరు భాగ్యమ్మ. నాలుగేండ్లకు జ్వరం వచ్చి పోయింది. చిన్నపిల్ల పోతే పూడ్చేముందు ఒంటి మీద గుర్తు పెట్టాలనీ, మళ్లీ అదే ఇంట పుడుతుందనీ, పుడితే ఆ గుర్తుతోనే పుడుతుందనీ మా వైపు కొందరి నమ్మకం. మా అమ్మమ్మ ఆ బిడ్డ కుడి చేతి మీద నల్లజీడితో చుక్క పెట్టింది. బట్టకు పెట్టినట్లే. మరుసటి ఏడు మా అమ్మ పుట్టింది, కుడి చేతి మీద నల్లమచ్చతో. ఇంకేమున్నది, పోయిన భాగ్యమ్మ వచ్చిందన్నారు. భాగ్యమ్మ అనే పిలిచినారు. భాగ్యమ్మ గాజులే తొడిగినారు. భాగ్యమ్మకు ఇష్టమని బెల్లపన్నం పెట్టినారు. మా అమ్మకు బెల్లం పడదు. పెండ్లికీ, రేషన్ కార్డుకూ, ఓటుకూ అదే పేరు. చిప్పులో పడింది కూడా ఆ పేరే. సరిగ్గా ఆ మచ్చకు వేలెడు దూరంలో.

“నాకెవ్వలు పేరు పెట్టలే పిల్లా. ఉన్న పేరే ఏసిన్రు” అని భూలక్ష్మితో అన్నదట.

డాక్టరు గారు సున్నా వేసిన జవాబు ఇదే. ఆనాడు ఆ శిబిరంలో నిజం చెప్పినది మా అమ్మ ఒక్కతే అయివుండగా, ఆమెకు సున్నా, సంతకం పెట్టే హక్కు నాకు.

భూలక్ష్మి నన్ను ఊరికే వదలలేదు. “మీ దఫ్తర్‌ల ఒక్క గడి ఖాళీగ ఉంటే ముసలోళ్లనైన వాపస్ పంపుతరు గద. మీ అమ్మకు డెబ్బై ఏండ్లసంది పేరు గడి ఖాళీగనే ఉన్నది. మీకు కానరాలే?” అన్నది.

9. అన్నిటికన్నా అత్యవసర విషయం ఇది. అక్క వచ్చింది గనుక పేరూ ఇల్లూ తిరిగి ఇచ్చేసి తాను పోవాలని మా అమ్మ నిశ్చయించుకున్నది. కంచంలో అన్నం పెడితే కుడి చేతికి చూపించి, “నువ్వు దిను అక్కా, నేను ఇన్నేండ్లు నీ వంతు తిన్న” అని పక్కకు జరుపుతున్నది. మొదట సగం తినేది. ఇప్పుడు పన్నెండు రోజులుగా మజ్జిగ నాలుగు చెంచాలు తప్ప లోపలికి పోలేదు. మనిషి గుడ్డపేలిక అయిపోయింది. చిప్పు తీసి ఆమె చేతిలో పెట్టి “అక్క పోయిందమ్మా” అని చెప్తే తింటుందేమోనని నా ఆశ. అంతకన్నా నాకు వేరే వైద్యం తెలియదు.

10. ప్రైవేటు దవాఖానాకు పోతే, పథకం సొత్తు గనుక అధికారి కాగితం లేనిదే కత్తి పెట్టము అన్నారు. నవీన్ తన కంపెనీలో అడిగి వచ్చి, “నిబంధన తొమ్మిది సార్, మీ ఆఫీసు నుంచే ఆర్డరు రావాల” అన్నాడు. పాపం, అతను ఈ పది రోజుల్లో నాలుగుసార్లు మా ఇంటికి వచ్చినాడు. మా ఆఫీసు అంటే నేనే. తమరు రోజూ వెనక గేటు గుండా వచ్చి కూర్చుంటున్నారని మాకు తెలియును. కాని ఇన్‌వర్డ్ నెంబరు లేని కాగితం తమ బల్ల ఎక్కరాదు. ఆ నియమాన్ని గట్టిగా అమలు చేసినవాడిని నేను. ముద్రపెట్టె తాళంచెవి నా జేబులో ఉన్నది. నేను బయట షామియానా కింద ఉన్నాను. సమ్మె ఎనిమిదో రోజున ఒక పెద్దాయన అర్జీ పట్టుకొని వస్తే “తెలంగాణ వచ్చినంక రా తాతా” అని నవ్వి పంపించినాను. అతని అర్జీ దేని గురించో అడగలేదు. ఇప్పుడు నిద్రలో అతను గుర్తుకు వస్తున్నాడు.

11. సమ్మె తప్పని నేను అనడం లేదు. నా స్కూటరు నెంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని నా చేతులతోనే రాసుకున్నాను. ఇరవై ఆరు రోజులుగా మా పేరు మాకు కావాలని గొంతు పోయేలా అరుస్తున్నాను, అది రావాలనే కోరుతున్నాను. సాయంత్రం ఇంటికి పోతే మా అమ్మ అదే మాట మెల్లగా అంటున్నది. ఇంట్లో ఆ నినాదం డెబ్బై ఏండ్లుగా వినబడుతున్నా నేను చెవిన పెట్టలేదు.

12. తమరిని ఒక సంగతి అడుగుతాను, ఉద్యోగిగా కాదు. మతి లేనివారు ఒప్పుకోలేరు గనుక వేలిముద్ర పక్కన కొడుకు సంతకం ఉంటే చాలునని నిబంధన రాసినారు. ఆ కొడుకుకు మతి ఉన్నదో లేదో పరీక్షించినవారెవరు? నన్ను ఎవరూ పేరైనా అడగలేదు. బట్టకు గుర్తు పెట్టేది అది నోరు విప్పి నాది ఫలానా ఇల్లు అని చెప్పలేదు గనుక. మా అమ్మ చెప్పింది. రెండుసార్లు చెప్పింది.

కావున పై విషయములన్నియు దయతో పరిశీలించి, సదరు చిప్పును తొలగించుటకు ఈ వారంలోగా ఉత్తర్వులు ఇప్పించవలసినదిగా ప్రార్థన. కాగితం పొడవు చూడక లోపలి మనిషిని చూసి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రామచంద్రం

తా.క.: 11-10-2011, ఉదయం పదకొండు గంటలు.

అయ్యా, మా అమ్మ ఈ పొద్దున ఎనిమిదింటికి పోయింది. భూలక్ష్మి ఒడిలో పోయింది.

ఇప్పుడే ఆఫీసుకు వచ్చినాను. శిబిరంలో మా సంఘం నాయకుడు ఈశ్వరయ్యతో చెప్పినాను. అతను లేచి నా జేబులోని తాళంచెవి తానే తీసి నా చేతిలో పెట్టి, “పో రామచంద్రం, ముద్ర ఎయ్యి. మేం సూడలే” అన్నాడు. శిబిరమంతా అటువైపు తిరిగి కూర్చున్నది. ముద్ర వేసి ఈ కాగితం తమ బల్ల మీద నేనే పెట్టి పోతున్నాను.

మధ్యాహ్నం మూడు గంటలకు తీసుకుపోతున్నాం. మాలో పూడ్చడమే. వ్యాధిగ్రస్తులు మరణించిన యెడల చిప్పును పథకం వారు స్వాధీనం చేసుకొనవచ్చునని నిబంధన 9లోనే ఉన్నది, చేసుకొని తీరాలని లేదు. నవీన్ వచ్చి వాకిట్లో నిలబడినాడు. “మీరు వద్దంటే తీయించము సార్, నేను రాసుకుంటా” అంటున్నాడు.

నాకు ఉంచాలనే ఉన్నది. తమ దగ్గర దాచను. ఆ గుర్తుతో పోతే, ఎక్కడో మా ఇంట్లోనే ఎవరి కడుపునో మళ్లీ పుడుతుందేమో, చేయి చూసి గుర్తుపట్టవచ్చునేమో అని. చదువుకున్నవాడిని, సర్కారు ఉద్యోగిని, అయినా పొద్దుటి నుండి మా అమ్మమ్మ లాగే ఆలోచిస్తున్నాను.

కాని మొన్న ఆదివారం పగలు ఈ అర్జీ మొత్తం మా అమ్మ పక్కన కూర్చొని చదివినాను. మొదటి నుండి చివరి దాకా. పింఛను కాగితం అబద్ధమని కూడా చదివినాను. ఆమె కండ్లు మూసుకొని విన్నది. బెల్లం సంగతి దగ్గర నవ్వింది. చిప్పు తీయమన్న వాక్యం దగ్గర నా చేయి పట్టుకున్నది.

“తియ్యుండ్రి. నేను పోయినంకనైన తియ్యుండ్రి. ఆ గుర్తుతోని పోతే మల్ల భాగ్యమ్మ అనే పిలుస్తరు.”

“మరి ఏం పేరు రాయాలమ్మా?” అని అడిగినాను.

“ఖాళీగ ఉండనియ్యి బిడ్డా. సాపుగ ఉంటది.”

తరువాత తనే వేలు చాపి, నా సంతకం పక్కన ముద్ర వేసింది. నేను పట్టుకోలేదు.

కావున, మూడు గంటలలోపు డాక్టరును పంపి చిప్పు తీయించవలసినది. మరణ ధ్రువీకరణకు తమరు రాసే లేఖలో పేరు గడి ఖాళీగా వదలవలసినది. ఖాళీ గడి ఉన్న కాగితాన్ని వెనక్కి పంపకుండా నేను ముద్ర వేయడం ఇరవై ఏడేండ్లలో ఇదే మొదలు.

అర్జీదారు పేరు:

వేలిముద్ర: (పైన నల్లగా ఉన్నది)

పై విషయములు చదివి వినిపించితిని. సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినారు.